స్టోరు గది కాదు

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొత్త ఆస్పత్రికి పునాది లేదు, ప్లాను లేదు. ముందు భాగాన బురుజు ఉండాలనీ, బురుజు కింద పాలరాతి పలక ఉండాలనీ, పలక మీద అక్షరాలకు బంగారు రంగు పూయాలనీ మాత్రం కమిటీవారు తీర్మానించేశారు. ప్రసూతి ఆస్పత్రి విషయంలో ఈ సామెత వాడాల్సి రావడం హైమవతికే నవ్వు తెప్పించింది. నవ్వు బయటికి రాకుండా పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిక్కడపల్లి సందులో అద్దె ఇంట్లో నడుస్తున్న ఆస్పత్రి అది. దానికి హైమవతి పెద్ద నర్సు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు సెక్రటేరియట్ గుమాస్తా అయిన భర్త సుందరరావుతో పాటు వచ్చి, ఈ ఆస్పత్రి తెరిచిన నాటి నుంచీ ఇందులోనే ఉంది. ఆ రోజు వరండాలో కమిటీ సమావేశం. ఉన్న కుర్చీలు పెద్దమనుషులకే సరిపోయాయి కాబట్టి ఆవిడ గుమ్మం పక్కన నిలబడింది.

కమిటీ అధ్యక్షులు సూర్యనారాయణమూర్తి గారు రాజోలు వైపు మనిషి. ఇక్కడికి వచ్చి సిమెంటు వ్యాపారంలో నిలదొక్కుకున్నారు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో ఆ ఏడు నగరంలో ఎప్పుడు బందో ఎప్పుడు కర్ఫ్యూనో తెలియని పరిస్థితి. 'ఉంటామో పోతామో తెలియని ఊళ్ళో ఆస్పత్రి కట్టడమేమిటండీ' అని అయినవాళ్ళు అడిగితే, 'కాన్పులు బందులకు ఆగుతాయా' అని గద్దించిన మనిషి ఆయన. అశోక్‌నగర్‌లో నాలా వైపున్న తన స్థలాన్ని తల్లి పేరు మీద ఆస్పత్రికి రాసిచ్చేశారు. మంచివాడే. మంచివాళ్ళతోనే వచ్చింది చిక్కంతా. చెడ్డవాళ్ళనైతే నాలుగు తిట్టి పని కానిచ్చుకోవచ్చు.

ప్లాను గీయడానికి పిలిపించిన విద్యాసాగర్ పడుచువాడు. పెద్దల మాటలన్నీ ఓపిగ్గా విని, తెచ్చిన కాగితపు చుట్టను విప్పకుండానే పక్కన పెట్టాడు.

"నేనిప్పుడే పెన్సిలు పట్టనండీ," అన్నాడు. "ముందు ఆస్పత్రి లోపల ఏం జరుగుతుందో నాకు ఎవరైనా రాసివ్వాలి. ఎవరొస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ పడుకుంటారు, ఎటు నుంచి ఎటు నడుస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరు ఎవరికి ఎదురుపడకూడదు. అది తేలాకే గీత."

"ఏముందండీ అందులో!" అన్నారు కార్యదర్శి రామచంద్రరావు గారు. రిటైరైన తహసీల్దారు ఆయన. "ఇప్పుడున్నదాన్ని రెట్టింపు చేస్తే సరి."

"అప్పుడు ఇప్పుడున్న తప్పులు కూడా రెట్టింపవుతాయండీ."

అందరి చూపులూ గుమ్మం వైపు తిరిగాయి.

"హైమవతీ, ఆ రాసేదేదో నువ్వు రాసిచ్చేయమ్మా," అన్నారు మూర్తిగారు, పచారీ సామాన్ల చీటీ పురమాయించినంత తేలికగా. ఆవిడ అంత తేలికగా తీసుకోలేదు. అక్కడే వచ్చింది గొడవ.

*

ఆ వారమంతా హైమవతి పని చేసుకుంటూనే ఆస్పత్రిని కొత్తగా చూసింది. నొప్పులు పడుతున్న మనిషి అటూ ఇటూ తిరగాలి, తిరిగితే కాన్పు తేలికవుతుంది. తిరగడానికున్న ఒక్క నడవలో ఓపీకి వచ్చినవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళ కాళ్ళు దాటుకుంటూ, వాళ్ళు జాలిగా చూస్తుంటే తిరగాలి. ఒక్కొక్క గర్భిణి వెంట తల్లి, అత్తగారు, ఆడపడుచు, కిరసనాయిల్ స్టవ్వు వస్తాయి. వాళ్ళు వండుకోవడానికి చోటు లేక కాన్పు గది కిటికీ కిందే స్టవ్వు వెలిగిస్తారు. లోపల మనిషి ప్రాణం పోతున్నట్టు అరుస్తుంటే బయట పోపు ఘాటుకు అందరూ తుమ్ముతుంటారు.

"ఇన్నేండ్ల సంది ఇవన్నీ కండ్లకు ఆనలేదా సిస్టరమ్మా?" అంది హనుమమ్మ. ఆస్పత్రిలో ముసలి ఆయా ఆవిడ.

"కనపడ్డాయే. సర్దుకుపోవడం అలవాటైపోయి చూడ్డం మానేశాను," అంది హైమవతి, ఆ మాటకు తన మీద తనకే కోపం వస్తుంటే.

రాస్తున్నకొద్దీ హుషారు వచ్చింది. వంటకు పెరట్లో సావిడి కావాలి. నొప్పులవాళ్ళు తిరగడానికి విడిగా నడవ కావాలి. కాన్పు గది పక్కనే నీళ్ళ గది ఉండాలి. అలా రాసుకుంటూ పోయి విద్యాసాగర్ చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఎవరు ఎవరికి ఎదురుపడకూడదు?

కలం అలాగే ఉండిపోయింది. ఈదమ్మ గుర్తొచ్చింది.

ఈదమ్మది పాలమూరు వైపు. నాలా ఒడ్డున గుడిసె. ఆమె మట్టి తట్టలు మోస్తుంది, మొగుడు ఎంకయ్య రాళ్ళు కొట్టే మేస్త్రి. కిందటేడు తొలికాన్పుకు ఇక్కడికే వచ్చింది. బిడ్డ కడుపులోనే పోయింది. వార్డులో ఖాళీగా ఉన్న మంచం ఒక్కటే, అదీ ఇద్దరు బాలింతల మధ్య. అక్కడే పడుకోబెట్టారు. పడుకోబెట్టింది హైమవతే. అటు మంచం మీద మగపిల్లాడు, ఇటు మంచం మీద ఆడపిల్ల. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ, ముక్కు ఎవరిది, రంగు ఎవరిది అని ముచ్చట్లు. మనవణ్ణి చూడవచ్చిన ముసలావిడ ఎవరో, పాపం విషయం తెలియక, మంచం మంచానికీ మిఠాయి పంచుతూ ఈదమ్మ చేతిలోనూ ఒక ముక్క పెట్టి, "నీకేం బిడ్డమ్మా?" అని అడిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అది. ఈదమ్మ ఆ మిఠాయిని పిడికిట్లో పట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు చూసేసరికి మంచం ఖాళీ. గుడిసెలో జ్వరంతో పడిపోయి చావు అంచులదాకా వెళ్ళింది. హనుమమ్మ రోజూ వెళ్ళి చూసుకోబట్టి బతికి బయటపడింది.

ఆ ఈదమ్మే మళ్ళీ కడుపుతో ఉంది. కిందటి నెల నారాయణగూడ చౌరస్తాలో కనపడింది. నెత్తిన కట్టెల మోపు, ముందు నిండు కడుపు.

"ఈదమ్మా! చూపించుకోవడానికి రావేమే? నెలలు దగ్గర పడుతున్నాయి కదా."

"నేను రాను సిస్టరమ్మా."

"తొలికాన్పు అలా అయిన మనిషివి. గుడిసెలో కంటావా? నీ ప్రాణానికే ముప్పు."

"ముప్పైతే అయితది." ఈదమ్మ మోపు సరిచేసుకుంది. "మీరు మంచిగనే చూసిండ్రు, లేదంటలేను. గని గాడ పండుకోబెట్టిండ్రు గద నన్ను, గా రెండు మంచాల నడుమ. పక్క మంచం పోరడు ఏడ్వంగనే నా పాలు కారినయి. ఎవలకోసం కారినయి సిస్టరమ్మా? గా పాలు ఏం జేసుకోవాలె నేను? మల్ల గట్లయితె? సస్తె నా గుడిసెల సస్త. గా దవాఖానకు మాత్రం రాను."

అంటూనే వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నకు మందులలో జవాబు లేదు. గోడలలో ఉంది. ఒక గోడ, ఒక తలుపు ఉంటే ఈదమ్మ అలా వెళ్ళిపోయేది కాదు.

ఆగిన కలం మళ్ళీ కదిలింది. కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసింది: 'బిడ్డ దక్కని తల్లి గది.'

*

"ఇదేమిటమ్మా?" అన్నారు మూర్తిగారు, ఆ మాట దగ్గర వేలు ఆనించి. ఆనించిన వేలిని వెంటనే తీసేశారు కూడా, చురుక్కుమన్నట్టు.

"గదండీ."

"గదని నాకూ తెలుసు. ప్రసూతి ఆస్పత్రిలో చావు గదేమిటి? ఇంకా శంకుస్థాపనైనా కాకముందే ఈ అపశకునపు రాతలేమిటి?"

"చావు గది కాదండీ. బిడ్డ పోయిన తల్లి పడుకునే గది."

"తేడా ఏముంది?"

"తల్లి బతికి ఉందండీ."

మూర్తిగారు కాగితం బల్ల మీద పడేశారు. తక్కిన పేజీలు తిప్పనైనా లేదు. "మా అమ్మ పేరు మీద కడుతున్న ఆస్పత్రి ఇది. ఇందులో ఇలాంటి గది ఉందని తెలిస్తే కడుపుతో ఉన్న ఏ ఆడదైనా ఈ గడప తొక్కుతుందా? ఒక్కతి రాదు. రాసిపెట్టుకో."

రామచంద్రరావు గారు కుర్చీ ముందుకు జరిపారు. పాము చావకుండా, కర్ర విరగకుండా నెట్టుకొచ్చే ఉపాయాలకు ఆయన పెట్టింది పేరు. "దీనికింత గొడవెందుకండీ? హైమవతమ్మగారూ, అక్కడ స్టోరు గది అని రాసేయండి. కట్టాక మీరెలా వాడుకున్నా అడిగేవాడెవడు? గవర్నమెంటులో మేం చేసిందంతా ఇదే."

మామూలుగా అయితే అక్కడితో తెగిపోయేదే. అందరికీ ఆ మాట నచ్చింది. విద్యాసాగర్ ఒక్కడే హైమవతి వైపు చూశాడు.

"రాయనండీ," అంది హైమవతి.

"అదేమిటమ్మా?"

"స్టోరని రాస్తే ఈ అబ్బాయి స్టోరే గీస్తాడు. స్టోరుకి కిటికీ పెట్టరు. స్నానాల గది పెట్టరు. తలుపుకి లోపలి గడియ పెట్టరు. మొదటి ఏడాదే విరిగిన మంచాలన్నీ అందులో చేరతాయి. అప్పుడు బిడ్డ పోయిన మనిషిని ఆ విరిగిన మంచాల మధ్య పడుకోబెట్టి, 'అమ్మా, ఇది నీ కోసం కట్టిందే కానీ చెప్పుకోడానికి మాకు సిగ్గేసింది' అని చెప్పమంటారా? నేను చెప్పలేను. గదికి దాని పేరే ఉండాలి."

మూర్తిగారి ముఖం ఎర్రబడింది. "శంకుస్థాపనకు ముహూర్తం పెట్టించాను. ఆ లోపల ఇది దిద్ది ఇస్తే సరేసరి. లేకపోతే ఇంకొకరి చేత రాయించుకుంటాను."

ఆ సాయంత్రం ఇంట్లో సుందరరావు సంగతంతా విని, చెప్పులు విప్పుతూ నిట్టూర్చాడు. "ఒక్క మాట మార్చడానికి నీకేం పోయిందే? మా ఆఫీసులో సగం గదులు పేరుకొకటి, లోపల ఇంకొకటి."

"అందుకే మీ ఆఫీసులో ఏ గది ఎక్కడుందో ఎవరికీ తెలియదు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది హైమవతి. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

*

రెండు రోజులకు విద్యాసాగర్ కబురంపాడు: "గది పేరు సంగతి మీరూ వాళ్ళూ తేల్చుకోండి. ఎక్కడ ఉండాలో మాత్రం నాకు కావాలి. వార్డుకి దూరంగా అని రాశారు. ఎంత దూరం?"

"పసిపిల్లల ఏడుపు వినపడనంత," అని తిరుగు కబురు పంపింది హైమవతి. పంపాక తనకే అనిపించింది, అది ఎంతో ఎవరికి తెలుసు? స్థలంలో నిలబడి వింటే తప్ప తెలిసేది కాదు.

అశోక్‌నగర్‌లోనే ఉండే కుసుమ అనే బాలింత అందుకు దొరికింది. ఆ పిల్ల కొడుకు గొంతు వీధి వీధంతా ఎరుగును. నెత్తిన టోపీ పెడితే చాలు, తీసేదాకా ఊరుకోడు. గాలి వచ్చే పడమటి వైపే వార్డు ఉండాలన్నది అందరూ ఒప్పుకున్న మాట. విద్యాసాగర్ అక్కడ ముగ్గు గీశాడు. ముగ్గు లోపల కుసుమ గొడుగు వేసుకుని కూర్చుని పిల్లాడికి టోపీ పెట్టింది. వాడు అందుకున్నాడు.

హైమవతి నడవడం మొదలుపెట్టింది. కొంత దూరం వెళ్ళి నిలబడింది. ఏడుపు చెవి పక్కనే ఉన్నట్టుంది. ఇంకా వెళ్ళింది. నాలా వైపు గోడ దాకా వెళ్ళింది. ఏడుపు వెంట వస్తూనే ఉంది. ఇంత చిన్న గొంతులోంచి ఇంత దూరం ఎలా వస్తుందో! పాలున్న రొమ్ముకైతే ఇంకెంత బాగా వినపడుతుందో అనుకుంది.

స్థలానికి ఈశాన్యం మూల పెద్ద గుండు ఒకటి ఉంది. ఈ ఊళ్ళో ఎక్కడ పడితే అక్కడ ఉండే నల్లరాతి గుండ్లలో అదొకటి, ఇల్లంత ఉంటుంది. హైమవతి దాని వెనక్కి వెళ్ళింది. ఏడుపు ఆగిపోయింది.

పిల్లాడు ఊరుకున్నాడేమో అనుకుని ఇవతలికి వచ్చింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. నిశ్శబ్దం. గుండుకూ గోడకూ మధ్య ఒక గది పట్టేంత చోటు. పొద్దుటి ఎండ వస్తోంది, ఎవరూ కనపడరు. హైమవతి గుండుకు వీపు ఆనించి నిలబడిపోయింది. ఈదమ్మను ఇక్కడ పడుకోబెట్టి ఉంటే అనుకుంది. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు.

ఇవతలికి వచ్చేసరికి స్థలంలో రాళ్ళు కొట్టేవాళ్ళు దిగి ఉన్నారు. ఉలులు, సుత్తులు, గునపాలు. వాళ్ళ మేస్త్రి ఈదమ్మ మొగుడు ఎంకయ్యే.

"ఏం పనయ్యా?" అంది హైమవతి.

"గీ గుండు కొట్టాలె సిస్టరమ్మా. ఈశాన్యంల బరువు ఉండొద్దంట. పూజకు ముందే సాఫు చెయ్యుమన్నడు పెద్దసారు."

హైమవతి చెప్పులు విడిచి, ఇస్త్రీ చేసిన తెల్లచీర కుచ్చిళ్ళు ఎగదోపి, గుండు పక్కనున్న చిన్న రాళ్ళ మీద కాళ్ళు మోపుకుంటూ పైకెక్కి కూర్చుంది. కూలీలు నోళ్ళు తెరిచి చూశారు. ఒకళ్ళిద్దరు నవ్వారు. కుసుమ కొడుకు కూడా ఏడుపు ఆపాడు, టోపీ తీసేశారు కాబట్టి.

"దిగు తల్లీ," అన్నాడు ఎంకయ్య. "పెద్దసారు నన్ను తిడ్తడు."

"దిగను. ముందు నువ్వు ఈ గుండు వెనక్కి వెళ్ళి నిలబడు. కుసుమా, వాడికి మళ్ళీ టోపీ పెట్టవే."

ఎంకయ్యకు అర్థం కాలేదు. అయినా వెళ్ళాడు. హైమవతి పైనుంచి కిందికి చూస్తూ అడిగింది. "వినపడుతోందా?"

"ఏందమ్మా?"

"పిల్లాడి ఏడుపు."

ఎంకయ్య చెవి ఒగ్గి విన్నాడు. "లేదు," అన్నాడు.

"కిందటేడు నీ పెళ్ళాన్ని ఇలాంటి చోట పడుకోబెట్టి ఉంటే పారిపోయేది కాదు. ఇక్కడ గది కట్టమని రాశాను. గుండు పోతే ఆ గదిలోకి ఏడుపు వస్తుంది."

ఎంకయ్య వెంటనే ఇవతలికి రాలేదు. వచ్చినప్పుడు తల గుడ్డతో ముఖం తుడుచుకుని, చేతిలో సుత్తిని తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పెట్టాడు. "గీ రాయి నా చేతుల పలగది," అని తన వాళ్ళతో అన్నాడు. వాళ్ళూ ఒకరి వెనక ఒకరు పనిముట్లు దించి నీడకు చేరి బీడీలు ముట్టించారు.

మధ్యాహ్నానికి మూర్తిగారి కారు వచ్చింది. గుండు మీద పెద్ద నర్సు, చెట్టు కింద కూలీలు, ప్రహరీ మీంచి తొంగి చూస్తున్న చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు. ఆయన గుండు కిందికి వచ్చి తలెత్తి చూశారు.

"ఇదేం పనమ్మా? పరువుగల మనిషివి!"

"పరువు కోసమే కూర్చున్నానండీ."

"ఈశాన్యంలో ఈ బండ ఉంటే ఆస్పత్రి నిలుస్తుందా? పైగా దాని పక్కన ఆ గదా? ఈశాన్యం అంటే దేవుడి మూల."

"ఈ గుండు నేను తెచ్చి పెట్టింది కాదండీ. భూమి పుట్టినప్పటి నుంచీ ఉంది. వాస్తు దీనికంటే చిన్నది. దేవుడి మూలంటారా, దేవుడు అవసరమయ్యేది ఆ తల్లికే కదా, పిల్లలు పుట్టి మిఠాయిలు పంచుకునేవాళ్ళకు కాదు కదా!"

"నీకు నోరెక్కువైంది."

"చిన్నప్పటి నుంచీ ఎక్కువేనండీ. ఒక్కటడుగుతాను చెప్పండి. ఈ ఆస్పత్రి ఎందుకు కడుతున్నారు? మీ అమ్మగారు పురిట్లో పోయారని కదూ? చావును చూసి కట్టే ఆస్పత్రిలో, చావుకు చోటు లేదంటే ఎలాగండీ? అది చెప్పి వస్తుందా? పేరు రాయకపోతే దారి తప్పి పోతుందా?"

చెట్టు కింద బీడీలు ఆరిపోయాయి. మూర్తిగారు కారు వైపు తిరిగారు.

"రేపటి నుంచి నువ్వు ఆస్పత్రికి రానక్కర్లేదు."

"రేపు కాన్పులున్నాయండీ," అంది హైమవతి. "వస్తాను."

కారు వెళ్ళిపోయింది. గుండు కొట్టమని కానీ, వద్దని కానీ ఆయన చెప్పలేదు. కూలీలు సద్దులు విప్పారు. ఎంకయ్య ఒక జొన్నరొట్టె, ఉల్లిపాయ పట్టుకొచ్చి పైకి అందించాడు. పొద్దున్నించీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది హైమవతికి. కూలీలు ఇళ్ళకు వెళ్ళేదాకా ఆవిడ దిగలేదు.

*

మర్నాడు పెందరాళే వచ్చింది. కొత్త భవనం ఎప్పటికి లేస్తుందో, అసలు లేస్తుందో లేదో! అద్దె ఇంట్లో పెరటి వైపు కిటికీ, గట్టి తలుపు ఉన్నది ఒక్క పెద్ద నర్సు గదే. హైమవతి తన బీరువాను వరండాలోకి జరిపించింది, బల్లను నడవలోకి లాగించింది. గదిలో ఒక మంచం వేయించి ఉతికిన దుప్పటి పరిపించింది. తలుపుకి లోపలి గడియ కొట్టించింది. ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో 'బిడ్డ దక్కని తల్లి గది' అని రాసి, తలుపుకి మేకు కొట్టి తగిలించింది.

హనుమమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "సిస్టరమ్మా, పెద్దసారు చూస్తె?"

"చూడ్డానికేనే తగిలించింది."

ఆయన చూడనే చూశారు. రామచంద్రరావు గారిని వెంటబెట్టుకుని, హైమవతి స్థానంలో ఇంకొకరిని పెట్టే సంగతి తేల్చడానికి వచ్చారు. నడవలో బల్ల చూసి, వరండాలో బీరువా చూసి, తలుపు మీది అట్ట ముందు నిలబడ్డారు. చెయ్యి ఎత్తారు, పీకేయడానికే.

అప్పుడే గుమ్మంలో అలికిడైంది. ఎంకయ్య భుజం పట్టుకుని, పళ్ళు బిగించి, నొప్పులు పడుతూ ఈదమ్మ లోపలికి వచ్చింది. మొగుడి చెయ్యి వదిలించుకుని హైమవతి ముందు నిలబడింది.

"అర్ర కడుతున్నరంట గద. గుండు మీదెక్కి కూసున్నవంట. ఈయన చెప్పిండు."

"కడతామే. ఇంకా టైం పడుతుంది."

"గంత దాంక నా కడుపు ఆగుతదా?" నొప్పి ఒకటి వచ్చి పోయేదాకా గోడ పట్టుకుంది. "మరి ఇప్పుడేమన్న ఉన్నదా లేదా? లేకుంటె చెప్పు, గుడిసెకు పోత."

హైమవతి తలుపు వైపు చూపించింది. "అదిగో."

ఈదమ్మకు చదువు రాదు. "ఏం రాసిండ్రు?" అని అక్కడే నిలబడ్డ మూర్తిగారిని అడిగింది.

ఆయన ఎత్తిన చెయ్యి దించారు. ఏ మాట కాగితం మీద రాయడమే అపశకునమన్నారో ఆ మాట నిండు చూలాలికి చదివి చెప్పాలి. హైమవతి సాయం రాలేదు. కావాలనే రాలేదు.

"బిడ్డ... దక్కని... తల్లి గది," అన్నారు మూర్తిగారు నెమ్మదిగా.

ఈదమ్మ తలుపు తోసి లోపలికి చూసింది. మంచం తట్టి చూసింది. కిటికీ దగ్గరకు వెళ్ళి పెరటి వైపు తొంగి చూసింది. తలుపు మూసుకుంది, లోపల గడియ పెట్టిన చప్పుడైంది. వార్డులో ఎవరి బిడ్డో ఏడుస్తోంది. బయట అందరూ తలుపును చూస్తూ నిలబడ్డారు. ఈదమ్మ గడియ తీసి బయటికి వచ్చింది.

"జర ఇనొస్తది," అంది. "గని తలుపుంది. నాదనేటిది ఒకటుంది." మళ్ళీ నొప్పి. ఈసారి హైమవతి భుజం పట్టుకుంది. "ఇగ పా సిస్టరమ్మా. యాడ కనాలె?"

ఒక్కతి రాదని ఆయన అన్న మాట హైమవతికి గుర్తుంది. అప్పజెప్పాలని నాలుక దురద పెట్టింది. కానీ కాన్పు ముందు మిగతావన్నీ తరవాతే. ఈదమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళింది.

తేలిక కాన్పు కాదు. మూర్తిగారు వెళ్ళిపోతారనుకున్నారు అందరూ. వెళ్ళలేదు. నడవలో బల్ల పక్కన, ఓపీవాళ్ళ బెంచీ మీద కూర్చుండిపోయారు. పొద్దు నడినెత్తి దాటాక, ఇల్లంతా దద్దరిల్లేలా పసిగొంతు లేచింది. ఆడపిల్ల. కుసుమ కొడుక్కి ఏమాత్రం తీసిపోని గొంతు. ఎంకయ్య వాకిట్లో చతికిలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

చేతులు తుడుచుకుంటూ హైమవతి బయటికి వచ్చింది. బింకంగానే నిలబడింది. ఉద్యోగం సంగతి ఇప్పుడు చెబుతారని తెలుసు. చెప్పనీ అనుకుంది. అట్ట మాత్రం పీకనివ్వకూడదు.

మూర్తిగారు తలెత్తలేదు. "నాకప్పుడు ఆరేళ్ళు," అన్నారు. "పురిట్లో పోయిన మనిషి గుమ్మం దాటకూడదన్నారు ఇంట్లో పెద్దలు. పెరటి గోడ పగలగొట్టి, ఆ కన్నంలోంచి తీసుకెళ్ళారు మా అమ్మని. తరవాత పూడ్చేశారు. ఆ ముక్కకి ఎన్నిసార్లు సున్నం వేసినా విడిగా కనపడుతూనే ఉండేది. నేనా పెరట్లో ఆడుకునేవాణ్ణి కాదు."

ఆయన తలుపు మీది అట్ట వైపు చూశారు.

"ఆ గదికి సరైన గుమ్మం పెట్టించు హైమవతీ. గడపతో సహా. వెనక నుంచి కాదు, ముందు వైపుకే. గుండు జోలికి ఎవరూ వెళ్ళరు."

ఆవిడ నడవలోని తన బల్ల సొరుగు లాగి, దిద్దమని తిప్పి పంపిన కాగితాలు తీసింది. దిద్దింది ఏమీ లేదు. ఆయన ముందు పెట్టి రెండో పేజీ తిప్పి చూపించింది. 'ఈ గదికి విడిగా గుమ్మం, ముందు వైపుకే. మంచి గడప ఉండాలి,' అని ఉంది.

"అది ముందే రాశానండీ," అంది. "మీరే పేజీ తిప్పలేదు."

మూర్తిగారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడిచి పెట్టుకున్నారు. కాగితాలు సర్దుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు.